వలియో

గదిలో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

టేపు తిరుగుతోంది. పక్కనే గంగాధర ఫోను ఆ పాటను రికార్డు చేస్తోంది.

గిటారు చెన్నయ్య అంటే గంగాధరకు ప్రాణం. జానపదాలకు గిటారు జోడించి కడప జిల్లా తిరునాళ్లన్నీ ఊపేసిన మనిషాయన. ఒక్క పాటనూ ఏ కంపెనీకీ ఇవ్వలేదు. అందుకే ఆయన కచేరీల టేపు ఏ ఊళ్లో ఉందని తెలిసినా, కువైట్‌లోని ఫర్వానియాలో వ్యాను తోలుకునే గంగాధర తన గదికి తెప్పించుకునేవాడు.

ఇది అన్నిటికన్నా అరుదైన టేపు. చెన్నయ్య డోలక్ లేకుండా, ఒట్టి గిటారు మీద పాడిన ఒకే ఒక్క కచేరీ. రీలు బాగా పాతబడింది. రెండోసారి తిరుగుతుందన్న నమ్మకం లేదు.

"వలియో... వలీ!" చెన్నయ్య గొంతు లేచింది.

ఏ పాటకైనా ముందు ఆయన తీసే రాగమది. ఆ గదిలో వాళ్లు పలకరించుకునేది కూడా ఆ మాటతోనే.

"ఆఁ... ఈడ్నే ఉండా!" అన్నాడు మూల నుంచి చాచా.

అందరూ కిసుక్కున నవ్వారు.

చాచా ఊరికి చాలా దూరంగా, వఫ్రా తోటల్లో టమాటాలు కోసే ముసలాయన. దగ్గు తగ్గడం లేదని, ఆసుపత్రిలో చూపించుకునేందుకు తోటలో పనిచేసే శివకుమార్ తెచ్చి ఇక్కడ దింపాడు. పేరు ఎవరూ అడగలేదు. తెల్లగడ్డం చూసి చాచా అన్నారు, అంతే.

గంగాధర వేలు చూపించి బెదిరించాడు. చాచా బుద్ధిగా తలూపాడు.

కానీ చెన్నయ్య పాట అందుకోగానే చాచా చెయ్యి పక్కనున్న నూనె డబ్బా మీద పడింది. కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. గంగాధర ఎన్ని సైగలు చేసినా చూడలేదు.

పాట ముగిసింది. రీలు పుటుక్కున తెగింది.

"నాశనం జేస్తివి గదయ్యా! డోలక్ లేదనే గదా దీనికింత విలువ!"

"ఒట్టిగా ఇంటాంటే మనసొప్పలేదబ్బీ. చెన్నయ్యకు నేను..."

"నువ్వు గూడా చూసినావా? చూసినోళ్లు వేలమంది ఉండార్లే. ఇంగ నీ దోవ నువ్వు జూసుకో!"

"ఆదివారం ఆసుపత్రికి రమ్మన్నారు నాయనా. అందాకా..."

"ఖలాస్!"

చాచా సంచి సర్దుకున్నాడు. టమాటాలు దింపి తిరిగెళ్లే బండెక్కి వఫ్రా వెళ్లిపోయాడు. ఆపుదామని ఎవరికీ అనిపించలేదు. అరుదైన టేపు పోయిన గదిలో ముసలివాడి దగ్గు ఏపాటిది!

నాయనకు వినిపిస్తానని ఆ పాట అడిగింది చెన్నయ్య కూతురు. చెడిపోయినదాన్నే, క్షమించమంటూ ఆమె ఫోనుకు పంపాడు గంగాధర.

సోమవారం శివకుమార్ ఫోను చేశాడు.

"చాచా పాయెనప్పా. ఊపిరాడలే. బండి దొరికేలోపల్నే అయిపాయ."

గంగాధర ఫోను పెట్టేశాడు. తరిమింది తనే. ఆ మాట గదిలో ఎవరితోనూ అనలేకపోయాడు.

ఆ సాయంత్రమే మళ్లీ ఫోను మోగింది. చెన్నయ్యే చేశాడు! జీవితమంతా ఆ గొంతు కోసం వెతికినవాడికి ఇప్పుడు సంతోషపడే ఓపిక కూడా లేదు.

"పాట చెడిపోయింది పెద్దాయనా. మధ్యలో ఎవురో..."

"చెడిపోలే అబ్బీ, నిండింది." అన్నాడు చెన్నయ్య. "ఆ పొద్దు డోలక్ ఎందుకు లేదో తెలుసునా? వాయించేవాడు ఆ వారమే కువైట్ ఇమానం ఎక్కినాడు. నేను అలవాటుకొద్దీ పిలిచినా. పలకలే. ఇన్నేండ్లకు నీ రికార్డులో పలికినాడు."

గంగాధర మూలనున్న నూనె డబ్బా వైపు చూశాడు.

"వలియో అంటే రాగం అనుకుంటారు అందురూ. రాగం గాదు నాయనా, అది వాని పేరు. యాడుండాడు మా మస్తాన్ వలి? ఒక్కసారి ఫోను వానికియ్యి."