బూడిదరంగు నీళ్ళు

డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుని ఆ కాగితాన్ని రెండోసారి చదివింది. ఎదురుగా రోగుల బల్ల మీద జల్లెడ మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా కాళ్ళూపుతూ కూర్చున్నాడు.

జల్లెడ అతని అసలు పేరు కాదు. తుపాకీ గురి నేర్పే హాలులో పదకొండేళ్ళుగా అతనిది ఒకటే పని. గురిబల్లల వెనక పోసిన ఇసుకని జల్లెడ పట్టి, అందులో దిగబడిన తూటాల సీసం ఏరిపెట్టడం. చేసే పనే పేరై కూర్చుంది.

"మాస్కు పెట్టుకుంటావా?" అంది డాక్టరమ్మ.

"పెట్టుకోకపోతే మేనేజరు ఊరుకుంటాడా అమ్మా! ముఖానికి మూతి ఉందన్న సంగతే మర్చిపోయాను."

"స్నానం?"

"అక్కడే. తలారా పోసుకుని, వేరే బట్టలు కట్టుకుని, మాసినవి సంచిలో కుక్కుకుని, కడిగిన ముత్యంలా ఇంటికి పోతా."

"తిండి?"

"హాలు బయటే. చేతులు రెండుసార్లు కడిగాకే."

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. "మరి ఇదెక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

అతని కాళ్ళు ఆగిపోయాయి. "ఏదమ్మా?"

"మీ హాలులో తొమ్మిదిమందికీ రక్తపరీక్ష చేయించాం. అందరికంటే నీదాంట్లోనే సీసం ఎక్కువ. ఆ అంకె చూస్తే నువ్విలా కబుర్లు చెబుతూ కూర్చోవడమే నాకు వింతగా ఉంది."

"ఉండదమ్మా. ఉండటానికి వీల్లేదు."

"అందరూ అదే మాట."

"కాగితాలు తారుమారై ఉంటాయి. ఇంకోసారి చూడమనండి."

"రెండుసార్లు చూశారు."

ఆదివారం పొద్దున అతని కళ్ళముందు మెదిలింది. హాలులో అందరికీ రక్తం తీసిన రోజు జ్వరమని చెప్పి అతను ముసుగు తన్ని పడుకున్నాడు. పరీక్షల లాబ్‌లో పనిచేసే బావమరిది ఆదివారం ఇంటికే వచ్చి, వంటింట్లో సూది విప్పాడు.

"అందరితోపాటు అక్కడే ఇచ్చేస్తే పోయేది కదా బావా. ఇది రూలు కాదు," అని గొణిగాడు.

"మీ అక్క కాన్పు దాకా నా ఉద్యోగం నిలవనీరా. తర్వాత ఏ బావిలో దూకమన్నా దూకుతా."

అంకె దాటినవాళ్ళు ఇంటికేనని మేనేజరు ముందే చెప్పాడు. ఉద్యోగంతోపాటు కంపెనీ ఆసుపత్రీ పోతుంది. భార్యకి ఇప్పటికే రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి దేవుడి దయవల్ల ఆరో నెల దాటింది.

"చీమ కుట్టినట్టు కూడా ఉండదు," అన్నాడు బావమరిది. సూది దిగుతుంటే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని మొగుడి భుజం పట్టుకుంది. ట్యూబు మీద బావ పేరు రాసుకుని, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడతను.

"వింటున్నావా?" డాక్టరమ్మ బల్ల మీద కొట్టింది. "సీసం పిలవని చుట్టం లాంటిది. ఎముకల్లో చేరి కూర్చుందంటే ఏళ్ళ తరబడి లేవదు. మందులతో కొంత దిగుతుంది గానీ, అది చేసిన చెరుపు బాగుపడదు. రేపటినుంచి నువ్వు పనిలోకి వెళ్ళడానికి లేదు. రాసిచ్చేస్తున్నా."

డాక్టరమ్మ కలం అందుకుని రాయసాగింది.

"ఒక్క విషయంలో అదృష్టవంతుడివి, మగాడివి. అదే కడుపుతో ఉన్న మనిషైతే ఆ విషం నేరుగా బిడ్డకి చేరేది. కడుపు నిలవకపోవచ్చు. నిలిచినా బిడ్డ మెదడు దెబ్బతినొచ్చు."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "అమ్మా... అట్లాంటి మనిషికి ఆర్నెల్లు దాటాక తెలిస్తే?"

"ఆర్నెల్లా? చేరాల్సింది అప్పటికే చేరిపోయి ఉంటుంది." ఆమె కలం ఆపింది. "ఎవరి గురించి?"

నోటిదాకా వచ్చింది. చెబితే బావమరిది ఉద్యోగమూ ఊడుతుంది. మింగేశాడు.

"ఏడుస్తావేమయ్యా? ఈ పని కాకపోతే ఇంకో పని."

"పని గురించి కాదమ్మా," అని లేచాడు.

సాయంత్రం గుమ్మం ఎక్కుతుంటే వంటింట్లో గిన్నె ధణేలుమంది.

"మళ్ళీ జారింది," అంటూ భార్య నవ్వుతూ వచ్చింది. "ఈ మధ్య వేళ్ళకి పట్టే ఉండట్లేదు. నీ కొడుకో కూతురో గానీ నా బలమంతా లాగేస్తున్నారు. ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"నేను చెప్పలా! ఊరికే హడలి చచ్చావు. ఇంక కాన్పు దాకా దిగుల్లేదు."

అతని చేతిలో సంచి అందుకుని స్నానాలగదిలోకి నడిచింది. ఆ గదికి కిటికీ లేదు. బయట దులిపితే పక్కింటావిడ దుమ్మని కసురుతుంది. అందుకే పదకొండేళ్ళుగా తలుపు మూసుకుని అక్కడే ఆ చొక్కా దులపడం, నానబెట్టడం, బూడిదరంగు నీళ్ళు పారబోయడం.

"దులపకు!" చొక్కా లాక్కున్నాడు.

ఆమె బిత్తరపోయింది. తర్వాత ఫక్కున నవ్వింది. "ఇన్నేళ్ళూ లేని ప్రేమ ఇవాళెక్కణ్ణుంచి ఊడిపడిందో! పక్కకి తప్పుకో సామీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

చొక్కా తిరిగి లాక్కుని, పొడుగుచేతుల రవికెను మోచేతుల పైదాకా మడిచింది.

తమ్ముడు ఆదివారం సూది గుచ్చిన చోట, ఆమె మోచేతి మడత ఇంకా నల్లగా కమిలే ఉంది.