పడవలో రెండో మనిషి

"కార్డు తెచ్చుకున్నావా?" అన్నాడు రాయిస్, ట్రక్కు వంతెన దాటాక.

వెర్నా చేతిసంచి అంతా కెలికింది. లేదు. చేపల లైసెన్సు వంటింటి బల్ల మీదే ఉండిపోయింది.

ఇక మొదలవుతుంది అనుకుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో అగ్గిపెట్టె మరిచిపోయినా అరగంట సణిగిన మొగుడు. కానీ ఆవేళ కిక్కురుమనలేదు. వెనక పడవ తగిలించి ఉన్న ట్రక్కును ఆ ఇరుకు రోడ్డు మీద ఎలాగో తిప్పి, పదకొండు మైళ్లూ వెనక్కి నడిపాడు.

"నన్ను ఇంటి దగ్గర దింపేసి నువ్వెళ్లొచ్చుగా?" అంది వెర్నా.

"నువ్వు లేకుండానా? బాగానే ఉంది."

ఆ మాటను ఆమె రోజంతా బెల్లంముక్కలా చప్పరించింది.

అంతకుముందు, మే నెలలో వెర్నా ఇల్లు వదిలి పోదామని పెట్టె సర్దుకుంది. రాయిస్ తిట్టేవాడూ కాదు, కొట్టేవాడూ కాదు. అసలు ఆమె వైపు చూసేవాడే కాదు. శనివారం పొద్దస్తమానం డ్యామ్ నీళ్ల మీద, మిగతా ఆరు రోజులూ ఆ నీళ్ల ముచ్చట్లలో. స్పోకేన్ పట్నంలో ఉండే అక్క మాక్సీన్ తన మేడగది ఖాళీ చేసి పెట్టింది. బేకరీలో పని కూడా మాట్లాడింది. వెళ్లిపోతున్నానని చెప్పడానికి వెర్నా షెడ్డులోకి వెళితే, అతను ఆమె చేతిలో రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి ఆరెంజి రంగు లైఫ్ జాకెట్. రెండోది ఆమె పేరున తీసిన లైసెన్సు.

"ఈ ఏడు నువ్వూ రా," అన్నాడు.

పెట్టె మళ్లీ మంచం కిందికి పోయింది. ఆడదాని మనసు అంత చవకా అని ఎవరైనా అడగొచ్చు. ఇరవై ఆరేళ్లు ఎదురుచూసినవాళ్లు అడగరు.

వెర్నా పని నేర్చుకుంది. శుక్రవారం సాయంత్రం ఎర కోసం తెల్ల మొక్కజొన్న గింజల్ని వెల్లుల్లి నూనెలో నానబెట్టేది. పొద్దున పడవ నత్తనడక నడుస్తుంటే వెనక లాగే గాలాల్ని కనిపెట్టుకుని ఉండేది. ఎండెక్కాక చేపలు లోతుకు దిగితే ఇంజను ఆపి, గాలం నిలువుగా దించి, పైకీ కిందికీ ఆడించేది.

"లాగకు," అనేవాడు రాయిస్. "ఈ కొకనీ చేప నోరు తడిసిన కాగితమనుకో. గట్టిగా లాగావా, పెదవి చిరిగి చక్కా పోతుంది. అలాగని వదులూ ఇవ్వకు. అదే రావాలనుకుని వస్తున్నట్టుండాలి."

అంత ఓపిగ్గా మాట్లాడతాడని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

ఒకసారి రేవులో చేపల శాఖ మనిషి మంచుపెట్టె తెరిపించాడు. "ఇద్దరు మనుషులు, ఇరవై చేపలు. సరిపోయింది. ఇందులో నువ్వు పట్టినవెన్నమ్మా?"

"సగం," అన్నాడు రాయిస్, ఆమె నోరు తెరవకముందే.

వెర్నా పట్టింది రెండు. తన గొప్పలో సగం ఆమెకు రాసిచ్చిన మొగుణ్ని చూసి సిగ్గుపడింది. ఆ సిగ్గు బాగుంది కూడా.

జూలైలో జ్వరం వచ్చింది. రాలేనంది. రాయిస్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. చివరికి ఫ్లాస్కులో సూపు పోసి, పడవలో దుప్పట్లు పరిచి, ఆమెను చెయ్యిపట్టి నడిపించుకెళ్లాడు. "ఊరికే కూర్చో చాలు. గాలం ముట్టుకోవద్దు."

రేవులో ఎరలు అమ్మే డాబ్స్ అది చూసి వేళాకోళమాడాడు. "ఏం మందు పెట్టావమ్మా ఇతనికి? నువ్వెక్కితే గాని పడవ కదలడం లేదు."

వెర్నా జ్వరంలోనే నవ్వింది.

నెలాఖరు శుక్రవారం మాక్సీన్ ఫోన్ చేసింది. "ఒసే, ఆ గది ఒక నర్సు అడుగుతోంది. రేపు బేకరీవాళ్లకీ ఏదో ఒకటి చెప్పాలి. వస్తున్నావా, లేదా?"

"రానక్కా. ఆయన మారాడు."

"యాభై దాటిన మగాడు ఊరికే మారడే. ఏదో ఉంది."

"ఉంది. నేనంటే ఇష్టం ఉంది. నీకు నమ్మబుద్ధి కాదంతే."

"సరే, గది ఇచ్చేస్తున్నా. తర్వాత ఏడిస్తే నా దగ్గర చోటు లేదు."

"ఏడవను," అంది వెర్నా. ఫోన్ పెట్టేసి, మొక్కజొన్న గింజలు నానబెట్టింది. మంచం కింది పెట్టెను అటకెక్కించింది.

తెల్లారి లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. ట్రక్కు లేదు, పడవ లేదు, గింజల సీసా లేదు. ఆరెంజి జాకెట్ మాత్రం మేకుకు వేలాడుతోంది.

నడుం నొప్పిగా ఉందని నిన్న తనే అంది. పడుకోనిద్దామనుకున్నాడు కాబోలు. వెర్నాకు జాలేసింది. ఒక్కడూ ఏం తింటాడని రొట్టెల మధ్య మాంసం ముక్కలు పెట్టి పొట్లం కట్టింది. జాకెట్ తొడుక్కుని తన పాత కారులో రేవుకు పోయింది.

పడవ దూరంగా లేదు. రాయిస్ ఒక్కడే గాలం ఆడిస్తున్నాడు. చెయ్యి ఊపింది. అతను చూశాడు. చూసి, మళ్లీ గాలం వైపు తిరిగాడు.

"డాబ్స్, ఆయన్ని కాస్త కేకెయ్యవూ? నేను వచ్చానని చెప్పు," అంది.

ఎప్పుడూ వేళాకోళమాడే డాబ్స్ ఈసారి తలెత్తలేదు. కొట్టు పక్కనున్న బోర్డు వైపు గడ్డంతో చూపించి, ఎరల డబ్బాలు సర్దుకోసాగాడు.

బోర్డు మీద నిన్నటి తేదీతో కొత్త కాగితం ఉంది: "ఈ జలాశయంలో కొకనీలు మితిమీరి పెరిగినందున, ఈ శనివారం నుంచి ఒక్కొక్కరు రోజుకు పదికి బదులు ఇరవై చేపలు పట్టుకోవచ్చు."