బలిదావ తాత వాద్యం

“డిగ్రీకా, డాక్టరేట్‌కా?” చిలగడదుంపల చెక్కు తీస్తున్న ముతేసి తలెత్తకుండానే అడిగింది.

“డిగ్రీకే అక్కా. ప్రాజెక్టు పని,” అంది కగోయ.

“అయితే ఆ బల్ల మీద కూర్చో. కుర్చీలు డాక్టరేట్ల వాళ్ళకి.”

పనసచెట్టు కింద కుర్చీల్లో జర్మనీ నుంచి వచ్చిన తెల్లాయన ఒకడు, కంపాలా నుంచి వచ్చిన పెద్ద చదువులవాళ్ళు ఇద్దరు వంతు కోసం చూస్తున్నారు. ఉగాండాలోని ఈ బుసోగ సీమలో ఎన్‌తొంగోలి వాద్యమంటే ముతేసి తండ్రి బలిదావే. ఉడుము తోలు బిగించిన గిన్నె, దానికి రెండు కొమ్ములు, మధ్యన తీగలు. ఆ వాద్యం మీద ఎవరు పుస్తకం రాసినా మొదట్లో ఈయన ఫొటో, చివర్లో ఈయనకు కృతజ్ఞతలు ఉండి తీరాలి.

కగోయ క్లాసులో ప్రపంచ దేశాల సంప్రదాయ వాద్యాలు తలా ఒకటి పంచారు. చైనాది, పెరూది వచ్చినవాళ్ళు ఇంటర్నెట్ ముందు కూర్చుని ముగించేశారు. ఆమెకు సొంత దేశానిది రావడంతో బస్సెక్కక తప్పలేదు.

“వివరాలు లైబ్రరీ నిండా ఉన్నాయి. నువ్వు పాట రికార్డు చేసుకురా. ఒక్క నిమిషం చాలు. అది లేకుండా వస్తే మాత్రం ప్రాజెక్టు తీసుకోను,” అని మాస్టారు ముందే చెప్పాడు.

ఆమె వంతు మధ్యాహ్నానికి వచ్చింది. బలిదావ కళ్ళు మూసుకుని అందుకున్నాడు. “ఇది వాద్యం కాదమ్మా, మనిషి. ఈ గిన్నె కడుపు. ఈ కొమ్ములు చేతులు. ఊఁ, రాసుకో. ఇది అందరూ రాసుకుంటారు.”

కగోయ రాసుకుంది.

“ఆడవాళ్ళ కోణం కూడా కావాలా? మొన్న ఒకమ్మాయికి చెప్పాను, బాగా కుదిరింది.”

“అవన్నీ చదివాను తాతగారూ. ఒక్క పాట వాయించండి, చాలు.”

గుమ్మంలో ముతేసి కత్తి ఆగిపోయింది. బలిదావ కళ్ళు తెరిచి గోడకు వేలాడుతున్న వాద్యాన్ని, ఆకాశాన్ని, కగోయను వరసగా చూశాడు.

“ఇవాళ గాలిలో తడి ఉందమ్మా,” అన్నాడు.

మర్నాడు ఊళ్ళో ఎవరో పోయారు. చావు జరిగిన ఊళ్ళో తీగ మీటకూడదన్నాడు. ఆ మర్నాడు తీగే అలిగిందన్నాడు.

“అంత పెద్దాయన అడగ్గానే వాయించేస్తాడా?” అంది బస దిగిన ఇంటావిడ. “ఆ ఇంట్లో పాట విని మా అత్తగారు వెక్కి వెక్కి ఏడ్చిందట. ఆ ప్యాంటూ నువ్వూ! పెద్దల దగ్గరికి వెళ్ళే వేషమేనా అది?”

నిజమే అనిపించింది కగోయకు. ఆవిడ దగ్గరే నేలను తాకే పొడుగు గౌను అరువు తీసుకుంది. పంచదార, సబ్బులు కొని, బలిదావ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పలకరించింది. ఆయన మురిసిపోయి ఆమె ఏడు తరాలనూ దీవించాడు. తన తాత ముత్తాతల కథ కొత్తది ఒకటి చెప్పాడు. గోడ వైపు మాత్రం చెయ్యి చాచలేదు.

మాస్టారికి ఫోన్ చేసింది. “ఎంత అడిగినా వాయించడం లేదు సార్.”

మాస్టారి గొంతు ఉత్సాహంతో లేచింది. “అద్భుతం! వాయించకపోవడమే ఆ సంప్రదాయం అన్నమాట! ‘పవిత్ర మౌనం’ అని ఒక అధ్యాయం రాసెయ్. ఇది ఎవరికీ దొరకలేదు!”

“అయితే రికార్డు అక్కర్లేదా సార్?”

“ఎందుకక్కర్లేదు? మౌనం ముందు ఒక నిమిషం పాట ఉండాలిగా!”

అధ్యాయం ఒక్క పూటలో తయారైంది. చదువుకుంటే కగోయకే ఒళ్ళు పులకరించింది. ఆ సంగతి ఎలా పొక్కిందో గాని తెల్లాయన వచ్చి పక్కన కూర్చుని, ఆ మౌనం గురించి వివరంగా చెప్పమని బతిమాలాడు. ముతేసి ఆమెను బల్ల మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది.

పాట మాత్రం రాలేదు. తిరుగు ప్రయాణం రోజు బ్యాగు భుజాన వేసుకుని ఆమె బలిదావ ముందు మళ్ళీ మోకరిల్లింది. ఈసారి నిజంగానే ఏడ్చేసింది.

“నా వల్ల ఏం తప్పు జరిగింది తాతగారూ? నాకు అర్హత లేదా? చెబితే దిద్దుకుంటాను. ఊరికే పంపెయ్యకండి.”

బలిదావ ముఖం పాలిపోయింది. ఇంత పని అవుతుందనుకోలేదేమో, కూతుర్ని బయటికి పంపి, కుర్చీలవాళ్ళను రేపు రమ్మని, తలుపు మూశాడు. గోడ మీది వాద్యాన్ని దించి, పై పంచెతో తుడిచి, తీసుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

“నీ తప్పేం లేదు తల్లీ,” అన్నాడు గొంతు తగ్గించి. “మా నాన్న దీన్ని నా చేతుల్లో పెట్టి కన్నుమూశాడు. కర్మకాండలు ముగియకుండానే మొదటి విద్యార్థి వచ్చాడు. దీని గురించి చెప్పమన్నాడు. చెప్పాను. ఆ తరవాత నా గుమ్మం ఖాళీగా ఉన్న రోజు లేదు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. కొలతలు తీసుకున్నారు, తోలు గీరి పట్టుకెళ్ళారు, నా ఫొటోలు తీశారు.”

కగోయ కళ్ళు తుడుచుకుని ఫోన్‌లో రికార్డు మీట నొక్కింది.

“వాయించమని ఒక్కరూ అడగలేదమ్మా, నేనూ నేర్చుకోలేదు.”