క్రాంకుషాఫ్టు పట్టుకున్న మనిషి

తమ కారు ఇంజనులోంచి ఊడదీసి, షెడ్డు దూలానికి తాడుతో వేలాడదీసిన క్రాంకుషాఫ్టును చిన్న సుత్తితో తట్టాడు మేస్త్రి.

అది ఊగి గోడకు తగిలింది. మోత తేలలేదు.

ఇంజనులో ఠకఠక మొదలైనప్పటి నుంచి ఆయన కంటిమీద కునుకు లేదు. ఆ కారు షికార్ల కోసం కాదు. భార్య పురుళ్లు పోసే నర్సు. కొండవారన ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా ఆమె అందులోనే పరుగెత్తాలి.

"పగులుందంటారా?" గుమ్మంలోంచి అడిగింది నర్సమ్మ.

"తట్టితే గంటలా మోగాలి. బొంగురుపోతే పగిలినట్టే. గోడకు తగలకుండా కాస్త పట్టుకునేవాళ్లుంటే తేలిపోయేది."

"నేను పట్టుకోనా?"

"నీ చేతులు పసిపిల్లల్ని పట్టే చేతులు. ఇది జారి వేళ్లమీద పడితే నన్ను ఊరంతా తంతుంది."

"నేను పట్టుకుంటాను లెండి," అంది బయటినుంచి ఓ మగగొంతు.

గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఎవరో నిలబడి ఉన్నాడు. చూపంతా కారు మీదే ఉంది.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ కాదు. పాతకారు కనబడితే కాళ్లు ఆగాయి. ఎక్కడ కొన్నారు?"

"బ్రోకరు దగ్గర. ఉన్నదంతా ఊడ్చిపెట్టి కొన్నాం."

పెద్దమనిషి ఏదో చెప్పబోయాడు. అంతలో ఒకతను రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"నర్సమ్మా, మా ఆవిడకి నొప్పులు! బిడ్డ అడ్డం తిరిగినట్టుంది!"

నర్సమ్మ సంచీ అందుకుంది. ఇంజను లేని కారుకేసి ఒక్కసారి చూసి, చెప్పులైనా తొడక్కుండా నడక మొదలెట్టింది.

"ఆగమ్మా! సందు చివర నా అద్దెకారుంది. ఎక్కండి," అన్నాడు పెద్దమనిషి.

పొద్దువాలుతుండగా తిరిగొచ్చారు. నర్సమ్మ ముఖం వెలిగిపోతోంది.

"తల్లీబిడ్డా క్షేమం! కాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కారండీ. ఆ గతుకుల్లో ఈయన బండిని ఎగరేసుకుపోయారు."

"నాదేముందమ్మా?" అన్నాడాయన. "మేస్త్రిగారూ, అక్కడ ఏ ఇంట్లో చూసినా మీ ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లేనట. ఈ కారు చప్పుడు వింటే చాలు, నొప్పుల్లో ఉన్నవాళ్లకి కూడా ధైర్యం వస్తుందట."

చొక్కా చేతులు మడిచి షాఫ్టు తాడు పట్టుకున్నాడు. మేస్త్రి ఊపిరి బిగబట్టి తట్టాడు.

ఖంగుమంది. షెడ్డంతా మోగింది.

"పగులు లేదే!" మేస్త్రి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "బేరింగులే అరిగాయి. అవి మారిస్తే చాలు."

"గట్టి బండి. బాగా చూసుకోండి."

టీ తాగమన్నా ఆగలేదు. కారు తలుపు మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

ఆయన సందు దాటాక గానీ పేరైనా అడగలేదని వాళ్లకు తోచలేదు.

మర్నాడు బిడ్డ తండ్రి వచ్చాడు. "ఆయనెవరో చెప్పండి. ఒక్కసారి దండం పెట్టుకుంటాను."

"మాకూ ఆ ఆశే ఉందయ్యా," అంది నర్సమ్మ. "దారినపోయే దానయ్య. ఎక్కడని వెతుకుతాం?"

కారు మళ్లీ కొండ దారి పట్టిన కొన్నాళ్లకు ఇంటికి పోలీసు వచ్చాడు.

"ఈ కారు మీకమ్మిన బ్రోకరు దొరికాడు. దొంగబండ్లు అమ్మాడు. ఇదీ వాటిలోదేనని ఒప్పుకున్నాడు."

మేస్త్రి కారుకేసి చూశాడు. "తీసుకుపోతారా సార్?"

"అక్కడే తిరకాసు పడింది. నంబర్లు గీకేశారు కాబట్టి సొంతదారు గుర్తుపట్టాలి. ఆ మధ్యే ఆయనకు మీ అడ్రసిచ్చి చూసి రమ్మన్నాం. ఆయన రాలేదా?"

"ఎవరూ రాలేదు సార్. ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన మాత్రం షాఫ్టు పట్టుకుని..."

నర్సమ్మ గుమ్మంలోంచి గబగబా ముందుకొచ్చింది.

"ఆయనే," అన్నాడు పోలీసు, "ఆ సాయంత్రమే స్టేషనుకొచ్చి, 'చూశానండీ, అది నా కారు కాదు' అని సంతకం పెట్టి వెళ్లిపోయాడు."