తేల్చి చెప్పు

"ఈ వారం మాత్రం మా పాపను ఆ క్లాసులో ఏమీ అడక్కండి టీచర్," అన్నాడు తండ్రి, స్టాఫ్ రూములో కుర్చీ అంచున కూర్చుని.

"ఏ క్లాసులో?"

"అదే, సమస్యలూ నిర్ణయాలూ అంటూ మీరు చెప్తున్నారే, అందులో."

టీచరుకు ఒళ్ళు మండింది. ఏడో తరగతికి ఆ పాఠం పెట్టించడానికి ఆమె హెడ్మాస్టరు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. లెక్కల పీరియడు పోతుందన్నవాళ్ళతో పోట్లాడింది. ఆమె చిన్నప్పుడు ఏ చదువు చదవాలో, ఏ ఉద్యోగంలో చేరాలో, ఆఖరికి జడ ఎంత పొడుగుండాలో కూడా వాళ్ళ నాన్నే తేల్చేవాడు. పెళ్ళయ్యాక ఒకసారి చెప్పుల కొట్లో ఏ జత కావాలో చెప్పలేక, ఉత్త చేతులతో బయటికొచ్చి రోడ్డు మీదే ఏడ్చింది. తన క్లాసులో ఏ పిల్లకీ ఆ గతి పట్టకూడదని ఆ రోజే అనుకుంది.

"ఎందుకు అడక్కూడదో చెప్పండి."

"సరిగ్గా నిద్రపోవట్లేదండీ," అంది తల్లి. "తిండి కూడా తినట్లేదు. ఒకటే ప్రశ్నలు."

"ఏం ప్రశ్నలు?"

"నీకు వంట వచ్చా నాన్నా అని ఈయన్ని. బల్బు మాడిపోతే మార్చగలవా అమ్మా అని నన్ను."

"మంచిదేగా. ఏదైనా తేల్చుకునే ముందు నాలుగు విషయాలు కనుక్కోమని నేనే చెప్పాను."

తల్లి తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఎంత చక్కగా కూడబలుక్కుని వచ్చారో అనుకుంది టీచర్. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటున్నారు. పిల్ల నోరు నొక్కడానికి మాత్రం ఎక్కడలేని ఐకమత్యం.

ఆ పిల్లను క్లాసంతా 'చూద్దాం' అని పిలుస్తారు. ఏది అడిగినా "చూద్దాం టీచర్" అనడమే. చార్టుకు ఎర్ర కాగితం కావాలా, పసుపుది కావాలా అంటే రెండూ తీసుకుని సగం సగం కత్తిరించి అంటించింది. అలాంటి పిల్ల మొన్న తనంతట తనే చెయ్యెత్తింది. తలా ఒక సమస్య చెప్పాలి, దానికి క్లాసంతా కలిసి దారి వెతకాలి. అదీ ఆ రోజు పని.

"ఇద్దరు ఫ్రెండ్స్ పోట్లాడుకున్నారు టీచర్. ఇంక ఒకే బెంచీ మీద కూర్చోరట. ఇద్దరూ నన్ను తమ పక్కనే కూర్చోమంటున్నారు. ఒకరి దగ్గర కూర్చుంటే ఇంకొకరు ఏడుస్తారు."

క్లాసు హుషారుగా అందుకుంది. రోజు మార్చి రోజు కూర్చోమన్నారు కొందరు. ఇద్దరికీ రాజీ చెయ్యమన్నారు ఇంకొందరు.

"అన్నీ చేసి చూశా," అంది పిల్ల.

"అయితే నాలాగా గుమ్మం బయట నిలబడు, ఏ గొడవా ఉండదు," అన్నాడు వెనక బెంచీవాడు. అందరూ నవ్వారు, ఆ పిల్ల తప్ప.

టీచర్ బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి సుద్దముక్క పిల్ల చేతికిచ్చింది. "ఎటు కూర్చున్నా ఒకరు ఏడుస్తారు. ఏడవనీ. ఆ ఏడుపుకు భయపడితే జీవితంలో నువ్వు ఏదీ తేల్చుకోలేవు. ఎవరో చెప్పు."

బెల్లు కొట్టేదాకా పిల్ల అక్కడే నిలబడింది. గీతకు అటూ ఇటూ ఒక్క అక్షరం కూడా రాయలేదు.

"మొన్న దాన్ని బోర్డు దగ్గర చాలాసేపు నిలబెట్టారట," అన్నాడు తండ్రి మెల్లగా.

"నిలబెట్టాను. మళ్ళీ నిలబెడతాను కూడా. ఎవరి పక్కన కూర్చోవాలో కూడా చెప్పలేకపోతోందంటే తప్పు దానిది కాదండీ, మీది. గౌను మీరే కొంటారు, జడ మీరే వేస్తారు, ఎప్పుడు ఆడుకోవాలో కూడా మీరే చెప్తారు. ఇంక దాని బుర్ర ఎందుకు, దువ్వుకోవడానికా?"

పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్న సైన్సు మాస్టారు తలెత్తి చూసి, మళ్ళీ పేపర్లలో తల దూర్చాడు. ఏదో చెప్పబోయిన తండ్రి ఆయన్ని చూసి ఆగిపోయాడు.

"మేం అలాంటివాళ్ళం కాదండీ," అని మాత్రం అన్నాడు.

"ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా అదే అంటారు. పన్నెండేళ్ళ పిల్ల తన మనసులో మాట తను చెప్తే మీకొచ్చిన నష్టమేంటి? నేను ఒప్పుకోను. ఇవాళ మధ్యాహ్నం అందరి ముందూ నిలబడి ఎవరో ఒకర్ని తేల్చి చెప్తుంది. చెప్పాల్సిందే."

"వద్దండీ." తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ భారం దాని మీద పెట్టొద్దు, పెద్దవాళ్ళం మేమే ఏదో ఒకటి చేసుకుంటామని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాం. కుదరదన్నారు."

బెల్లు కొట్టారు. సైన్సు మాస్టారు పేపర్లు సర్దుకుని క్లాసుకు వెళ్ళిపోయాడు. తండ్రి లేచి, బల్ల మీది జగ్గులోంచి గ్లాసులో నీళ్ళు పోసి తల్లి ముందు పెట్టాడు. ఆవిడ ఆయన వైపు చూడకుండానే గ్లాసు అందుకుంది.

టీచరు కోపం ఇంకా చల్లారలేదు. "కుదరదన్నది ఎవరండీ? మా హెడ్మాస్టరేనా? ఆయన సంగతి నేను చూసుకుంటాను, చెప్పండి."

తల్లి గ్లాసు పక్కన పెట్టి తలుపు వైపు ఒకసారి చూసింది.

"అమ్మ కావాలో నాన్న కావాలో సోమవారం జడ్జిగారు దాన్నే అడుగుతారండీ."