భానుగుడి సెంటర్లో చెయ్యి

కార్లన్నీ వాటంతటవే నడుస్తున్న రోజుల్లో హైమావతికి స్టీరింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె కాకినాడలో నర్సు. సముద్రపు ఒడ్డున ఇసక దారుల్లోకి ఆ కార్లు రామంటాయి. అక్కడి బాలింతల్ని చూడాలంటే వ్యాను తనే నడుపుకోవాలి.

ఇసక అంటే భయం లేదు. భయమంతా ఊళ్ళో భానుగుడి సెంటర్ దాటడమంటేనే.

"మనిషి నడిపే బండి కనిపిస్తే అవే ఆగుతాయి హైమా," అంది పక్కన కూర్చున్న అత్తగారు సుగుణమ్మ. ఆవిడ హారన్ల కాలంలో స్కూటీ నడిపిన మనిషి.

"లోపల అందరూ నిద్రపోతుంటారు అత్తయ్యా. ఎవరి మొహం చూసి ముందుకెళ్ళను?"

సెంటర్లో నిజంగానే కార్లన్నీ ఆగాయి. హైమ వ్యాను కదిలించింది. అడ్డంగా ఒక పాత ఆటో కూడా కదిలింది. దాన్నీ మనిషే నడుపుతున్నాడు. ఎదుటి బండే ఆగుతుందని ఇద్దరూ అనుకున్నారు. ఇద్దరూ ఒకేసారి బ్రేకు తొక్కారు. మధ్యలో జానెడు చోటు మిగిలింది.

హైమ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. ఆటోలోని నెరిసిన గడ్డం ఆయన ఆమె మొహంలోకి చూసి, చెయ్యి బయటపెట్టి, ముందు నువ్వెళ్ళమ్మా అన్నట్టు ఊపాడు.

ఆ చెయ్యి చూశాక బ్రేకు వదిలింది. సెంటర్ దాటేసింది.

"మా రోజుల్లో రోడ్డంతా ఆ చేతి మీదే నడిచేది," అంది సుగుణమ్మ.

తర్వాతి మలుపులో ఒక ఖాళీ కారు వ్యానుని చూసి, రావాలో వద్దో తేల్చుకోలేక కొంచెం కదిలి ఆగుతోంది. పొద్దున ఇంటి గేటు దాటి రోడ్డెక్కేటప్పుడు హైమ కూడా అలాగే కదిలి ఆగింది. హైమ వ్యాను ఆపి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

"దానికేం తెలుస్తుందే?"

"నేర్చుకుంటుందిలే అత్తయ్యా. కొత్త కదా."