హామీ సంతకం

“పేస్టు ట్యూబును కత్తెరతో కోసి గీకుతారా ఎవరైనా? కొత్తది పక్కనే ఉందిగా!” స్నానాలగది గుమ్మంలో నిలబడి అడిగింది తల్లి.

“ఇందులో ఇంకా రెండు రోజులకు వస్తుంది,” అన్నాడు తండ్రి, బ్రష్షు ట్యూబులోకి దూర్చి.

“ఇంకా ఎందుకండీ ఈ పీనాసితనం? ఇప్పుడా అవసరం లేదుగా.”

“అలవాటు. పొమ్మంటే పోతుందా?”

కూతురు నవ్వు ఆపుకుంది. పోయిన నెల ఎవరూ అడక్కుండానే ఇంటిల్లిపాదికీ కొత్త చెప్పులు కొన్నది ఈ నాన్నేనా! ఆ ఊపులోనే ఇవాళ సంతకం కూడా పెట్టేస్తే బాగుండు. చదువు అప్పు కాగితాల మీద హామీదారు సంతకం ఒక్కటే మిగిలింది. గడువు రేపటితో ఆఖరు. దాటిందా, ప్రభుత్వ విధానాలు నేర్పే పబ్లిక్ పాలసీ కోర్సులో కష్టపడి తెచ్చుకున్న సీటు పోతుంది.

“ఆ చదువొద్దు,” కూరగాయలు తరుగుతూ అంది తల్లి. “జీతం గోరంత, అప్పు కొండంత.”

“నాన్న అదే చదివాడుగా! ఏం తక్కువైంది? ఆసుపత్రి గేటు ముందు బస్సు ఆగుతోందంటే నాన్న రాసిన కాగితం వల్లేగా!”

తల్లి భర్త వంక చూసింది. రవాణా ఆఫీసులో బస్సు రూట్లూ స్టాపులూ తేల్చే ఆ మనిషి పేపరులోంచి తల ఎత్తలేదు.

“పదిమంది సీనియర్లకు ఫోన్ చేశానమ్మా. మొదటి జీతం తక్కువే, కానీ పెరుగుతుంది. సగటున పదకొండేళ్లలో అప్పు తీరిపోతుందట.”

“సగటు అన్నాక అటువైపు కొందరు, ఇటువైపు కొందరు ఉంటారు,” పేపరు వెనక నుంచి తండ్రి గొంతు. “నాలుగో పేజీ అడుగున చిన్నక్షరాలు చదివావా? వాయిదా తప్పితే వడ్డీ అసలులో కలుస్తుంది.”

కూతురు పేజీలు తిప్పింది. నిజమే, ఉంది. ఆయన ఆ కాగితాలు ముట్టుకోనైనా లేదు!

“అయితే వద్దంటావా నాన్నా?”

“చదవమంటున్నా. ముందు ఆ పేజీ.”

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. తండ్రి ఆఖరి మెతుకు దాకా తిని అన్నాడు.

“అమ్మాయి చేరుతోంది. హామీ నాది.”

“ఏమండీ! అంతా తెలిసుండి కూడా...”

“తెలిసే అంటున్నా. మొన్న ఆసుపత్రి స్టాపులో ఒక ముసలమ్మ కర్ర ఊతంగా పెట్టుకుని దిగింది. గేటుకు నాలుగే అడుగులు. మళ్లీ మొదటి నుంచి చదవమన్నా అదే చదువుతాను.”

తల్లే లేచి పెన్ను తెచ్చిచ్చింది. ఆయన చెయ్యి కడుక్కొచ్చి తడుముకోకుండా సంతకం చేశాడు.

కూతురికి అప్పుడు పుట్టింది బెరుకు. “నిజంగా తీరుతుందంటావా నాన్నా?”

“ఎందుకు తీరదు?” సంతకం కింద తేదీ వేస్తూ ధీమాగా అన్నాడాయన.

“నాది పోయిన నెలే తీరింది.”